లాగ్ ఫైళ్లు: టెర్మినల్ సాధనాలతో పరిశీలన, విశ్లేషణ

కంప్యూటరు గానీ, దానిలో నడిచే ప్రోగ్రాము గానీ తాను చేసిన పనినీ తనకు ఎదురైన అడ్డంకినీ సమయంతో సహా ఒక్కో వరుసగా రాసిపెట్టుకునే ఫైలు లాగ్ ఫైలు. దాన్ని చదవడానికి, జల్లెడ పట్టడానికి, లెక్కలు తీయడానికి టెర్మినల్లో నడిచే సాధనాలు అర్ధ శతాబ్దంగా తయారవుతూ వచ్చాయి. గ్రెప్, లెస్, టెయిల్, ఆక్ వీటిలో పాతవి. అనేక ఫైళ్లను ఒకే కాలక్రమంలో కలిపి చూపే ఎల్‌నావ్ కొత్త తరానిది. ఈ వ్యాసం వీటన్నిటినీ పరిచయం చేస్తూ ఎల్‌నావ్ దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది. ఉదాహరణలు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలవి. ఈ మూడూ 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడ్డాయి.

లాగ్ అనే మాట ఈ ప్రాంతానికి కంప్యూటర్లతో పాటు రాలేదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు గంట గంటకూ ఓల్టేజీ, లోడు రాసే కాగితం లాగ్‌షీటే. ఏ ఫీడరు ఎన్ని గంటలకు ట్రిప్ అయింది, లైన్‌మన్ పనికి కావలసిన లైన్ క్లియర్ (ఎల్‌సీ) ఎప్పుడు తీసుకున్నాడు, ఎప్పుడు తిరిగి ఇచ్చాడు అన్నవి కూడా సమయంతోనే నమోదవుతాయి. స్తంభం మీద ఉన్న మనిషి ప్రాణం ఆ సమయాల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ కాగితాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. కంప్యూటరు లాగ్‌కూ అంతే గౌరవం దక్కాలి. మన దగ్గర ఇంకా దక్కడం లేదు. సర్వరు ఆగిపోతే ముందు రీస్టార్ట్ చేసి, లాగ్ సంగతి తర్వాత చూద్దాం అనుకోవడమే ఎక్కువ.

ముందూ వెనకా

లాగ్‌లోని ప్రతి వరుసలో సాధారణంగా నాలుగు సంగతులుంటాయి: సమయం, రాసింది ఎవరు, తీవ్రత ఎంత, సందేశం ఏమిటి. మొదటిది సరిగా లేకపోతే మిగతా మూడూ ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. ఏదైనా చెడిపోయినప్పుడు విచారణలో వచ్చే మొదటి ప్రశ్న ఏది ముందు జరిగింది, ఏది దాని ఫలితం అన్నదే.

నాగర్‌కర్నూలు జిల్లా 2020లో రెండు నెలల వ్యవధిలో రెండు పెద్ద ప్రమాదాలు చూసింది. ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిది మంది చనిపోయారు. ఒక్కోటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లున్న కేంద్రం అది. అక్టోబరు 16న కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్‌లోకి నీళ్లు చేరి మోటర్లు మునిగాయి. ఇలాంటి చోట్ల రిలే ముందు పనిచేసిందా, బ్రేకరు ముందు తెరుచుకుందా, అలారం ఎప్పుడు మోగింది అన్న తేడాలు సెకన్లలో కాదు, మిల్లీసెకన్లలో ఉంటాయి. అందుకే విద్యుత్ కేంద్రాల్లో ఈవెంట్ లాగర్లు ఒక్కో సంఘటనకు మిల్లీసెకను దాకా ముద్ర వేస్తాయి. గ్రిడ్‌లో అవాంతరం వస్తే ఈవెంట్ లాగర్, డిస్టర్బెన్స్ రికార్డర్ల నమోదులను 24 గంటల్లో లోడ్ డిస్పాచ్ కేంద్రానికి పంపాలని 2010 నాటి భారత విద్యుత్ గ్రిడ్ కోడ్ నిర్దేశించింది.

చిన్న కార్యాలయాల సర్వర్లలో ప్రాణాపాయం ఉండదు. అయినా కలెక్టరేట్‌లోనో, ప్రభుత్వాసుపత్రిలోనో, పత్తి విత్తనాల కంపెనీ గోదాములోనో సిస్టం ఆగితే అవతల వరుసలో నిలబడ్డవాళ్లు ఉంటారు. ప్రశ్న మారదు, ఏది ముందు ఆగింది?

పాత పనిముట్లు

యూనిక్స్‌లో సందేశాల నమోదుకు ఒక పద్ధతి తెచ్చింది సిస్‌లాగ్. బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ 1980ల్లో సెండ్‌మెయిల్ ఈమెయిలు ప్రోగ్రాము కోసం దీన్ని రాశారు. తర్వాత అన్ని ప్రోగ్రాములూ దాన్నే వాడుకున్నాయి. తీవ్రతను సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది మెట్లుగా అది విభజించింది. సున్నా అంటే ఎమర్జెన్సీ, మూడు ఎర్రర్, నాలుగు వార్నింగ్, ఏడు డీబగ్. అంకె పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుందని గుర్తుంచుకోకపోతే కొత్తవాళ్లు తడబడతారు.

వెతకడానికి గ్రెప్ ఉంది. కెన్ థాంప్సన్ 1973లో రాసిన ఈ ప్రోగ్రాము ఇచ్చిన నమూనాకు సరిపడే వరుసలను మాత్రమే చూపిస్తుంది. 1977లో అహో, వైన్‌బర్గర్, కెర్నిహన్ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో వచ్చిన ఆక్, వరుసను ముక్కలు చేసి ఏ ముక్క కావాలో అది తీసి కూడుతుంది, లెక్కిస్తుంది. మార్క్ నూడెల్‌మన్ 1980ల్లో రాసిన లెస్ పెద్ద ఫైలును మొత్తం మెమరీలోకి లాగకుండానే తెరుస్తుంది. రెండు మూడు జీబీల లాగ్‌ను మామూలు ఎడిటర్‌లో తెరవబోతే పాత మెషీన్ బిగుసుకుపోతుంది. లెస్‌లో వెంటనే మొదటి పేజీ కనిపిస్తుంది.

టెయిల్ ఫైలు చివరను చూపిస్తుంది, కొత్త వరుసలు వచ్చేకొద్దీ చూపుతూనే ఉంటుంది. దీనికి చిన్న ఎఫ్ పెట్టాలా, పెద్ద ఎఫ్ పెట్టాలా అన్నది చిన్న విషయంలా కనిపించినా ముఖ్యం. అర్ధరాత్రి లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాము పాత ఫైలు పేరు మార్చి కొత్తది మొదలుపెడుతుంది. చిన్న ఎఫ్‌తో నడుస్తున్న టెయిల్ పాత ఫైలునే పట్టుకుని కూర్చుంటుంది. తెర మీద కొత్త వరుస ఒక్కటీ రాదు, చూసేవాళ్లు అంతా ప్రశాంతంగా ఉందనుకుంటారు. పెద్ద ఎఫ్ ఫైలు పేరును వెంబడిస్తుంది కాబట్టి కొత్త ఫైలులోకి తనే మారుతుంది.

సిస్టమ్‌డీ వచ్చాక చాలా లినక్స్ మెషీన్లలో లాగ్‌లు జర్నల్ అనే బైనరీ రూపంలోకి వెళ్లాయి. వాటిని చదవడానికి జర్నల్‌సీటీఎల్ కావాలి. ఫలానా సర్వీసు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని అడగడం అందులో తేలిక.

ఈ పనిముట్లన్నీ ఒక్కో ఫైలును బాగా చూస్తాయి. అనేక ఫైళ్లను కలిపి కాలక్రమంలో చూడటం దగ్గరే వీటికి ఇబ్బంది.

ఎల్‌నావ్

తిమొతీ స్టాక్ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఎల్‌నావ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, బీఎస్‌డీ లైసెన్సు కింద దొరుకుతుంది. దీనికి సర్వరు అక్కర్లేదు, ముందుగా ఇండెక్సు కట్టే పెద్ద వ్యవస్థ అక్కర్లేదు, బ్రౌజరూ అక్కర్లేదు. లాగ్‌లున్న డైరెక్టరీ పేరు ఇస్తే చాలు. అందులోని ఫైళ్లన్నీ తెరిచి, ఏది ఏ రకం లాగో గుర్తుపట్టి, కుదించి పెట్టిన పాత జీజిప్ ఫైళ్లను కూడా విప్పి, అన్ని వరుసలనూ సమయాన్ని బట్టి ఒకే ప్రవాహంగా కలుపుతుంది. ఎర్రర్లు ఎర్రగా, వార్నింగులు పసుపుగా కనిపిస్తాయి.

ఒక సందర్భం ఊహిద్దాం. వనపర్తిలో ఒక కార్యాలయపు పోర్టల్ ఉదయం 10:40కి నెమ్మదించి 10:55 దాకా పనిచేయలేదు. మూడు లాగ్‌లున్నాయి: వెబ్ సర్వరుది, అప్లికేషనుది, డేటాబేసుది. విడివిడిగా చూస్తే వెబ్ సర్వరు లాగ్ నిండా సమాధానం సకాలంలో రాలేదని చెప్పే 504 ఎర్రర్లు. అప్లికేషన్ లాగ్ నిండా డేటాబేసు కనెక్షన్ దొరకలేదన్న ఫిర్యాదు. చూసినవాళ్లు సహజంగానే డేటాబేసును తప్పుపడతారు. మూడింటినీ ఎల్‌నావ్‌లో కలిపి తెరిచి, గోటూ ఆదేశంతో ఆ సమయానికి వెళ్లి, ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం నొక్కుతూ ఒక ఎర్రర్ నుంచి మరో ఎర్రర్‌కు దూకుతూ పోతే వరుసక్రమం బయటపడుతుంది. మొదటి 504 కంటే నాలుగు నిమిషాల ముందు ఒకే చిరునామా నుంచి ఒక పెద్ద నివేదిక కోసం పదేపదే అభ్యర్థనలు వచ్చాయి. అవి కనెక్షన్లన్నిటినీ పట్టుకున్నాయి. ఆ తర్వాతే మిగతావి ఆగాయి. డేటాబేసు దోషి కాదు, మొదటి బాధితురాలు.

ఇక్కడ రెండు సౌకర్యాలు ఎక్కువగా అక్కరకొస్తాయి. ఒకటి వడపోత. ఫిల్టర్ అవుట్ అన్న ఆదేశంతో ప్రతి నిమిషం వచ్చే హెల్త్ చెక్ వరుసలను దాచేయవచ్చు, ఫిల్టర్ ఇన్‌తో కావలసిన వాటినే ఉంచుకోవచ్చు. ఫైలు మారదు, కళ్లకు కనిపించేదే మారుతుంది. రెండోది హిస్టోగ్రామ్. ఐ అక్షరం నొక్కితే ఏ కాలవ్యవధిలో ఎన్ని సందేశాలు, వాటిలో ఎన్ని ఎర్రర్లు, ఎన్ని వార్నింగులు అన్నది పట్టీలుగా కనిపిస్తుంది. లక్షల వరుసల ఫైలులో ఎక్కడ చూడాలో తెలియనప్పుడు మొదట నొక్కవలసిన అక్షరం అదే.

ఎల్‌నావ్ అసలు బలం డేటాబేసు ప్రశ్నల భాష సీక్వెల్ (ఎస్‌క్యూఎల్)లో ఉంది. డి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఎస్‌క్యూలైట్ డేటాబేసును ఎల్‌నావ్ తన లోపల ఇముడ్చుకుంది. తెరిచిన లాగ్‌లు పట్టికల్లా కనిపిస్తాయి. సెమీకోలన్ నొక్కి ప్రశ్న రాయవచ్చు: వెబ్ సర్వరు లాగ్‌లో స్థితి 500 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న వరుసలు తీసి, చిరునామాల వారీగా గ్రూప్ బై చేసి, ఎక్కువ నుంచి తక్కువకు చూపించు అని. పాలిటెక్నిక్‌లో డీబీఎంఎస్ పేపరు రాసిన ఎవరికైనా ఇది వచ్చు. ఫలితాన్ని సీఎస్‌వీగా దాచి పై అధికారికి ఎక్సెల్‌లో పంపవచ్చు.

ఎల్‌నావ్‌కు తెలియని రకం లాగ్‌ను కూడా నేర్పవచ్చు. గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ కృష్ణ మీద ఉన్న ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టునే తీసుకుందాం. పూర్తి నీటిమట్టం 318.516 మీటర్లు, 39 మెగావాట్ల యూనిట్లు ఆరు. ఏదైనా జలాశయం దగ్గర సెన్సరు గంటకోసారి తేదీ, సమయం, నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అని నిలువు గీతలతో వేరుచేసి ఒక వరుస రాస్తుందనుకుందాం. ఒక చిన్న జేసన్ ఫైలులో ఆ వరుస నమూనాను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా రాసి, ఒక్కో భాగానికి పేరు పెట్టి, సరిచూసుకోవడానికి ఒక మచ్చు వరుస చేర్చితే ఎల్‌నావ్ దాన్ని పట్టికగా చూస్తుంది. ఏ గంటలో ఇన్‌ఫ్లో లక్ష క్యూసెక్కులు దాటింది, ఎన్ని గంటల తర్వాత ఔట్‌ఫ్లో దాన్ని అందుకుంది అన్నవి రెండు వరుసల ప్రశ్నలు. ఒక సెన్సరు క్యూసెక్కుల్లో, మరొకటి క్యూమెక్కుల్లో రాస్తుంటే ముందుగా 35.31తో గుణించుకోవాలి. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణ, తుంగభద్ర కలిసి పొంగి కర్నూలును ముంచినప్పుడు, శ్రీశైలంలోకి 25 లక్షల క్యూసెక్కుల పైగా నీరు వచ్చినప్పుడు, నీటిని ఎప్పుడు ఎంత వదిలారన్న దాని మీద ఏళ్ల తరబడి వాదన సాగింది. గంటల వారీ నమోదు లేకుండా అలాంటి వాదన తేలదు.

ఇలాంటి టెర్మినల్ సాధనాన్నే ఎంచుకోవడానికి దూరం కూడా ఒక కారణమే. లాగ్‌లను క్లౌడుకు చేర్చి వెతికే పెద్ద వ్యవస్థలు వందల సర్వర్లున్న హైదరాబాద్ కంపెనీలకు సరిపోతాయి. రెండో మూడో మెషీన్లున్న చోట అది ఖర్చు. రెండు జీబీల లాగ్‌ను సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడు మీద పంపాలంటే దాదాపు 27 నిమిషాలు పడుతుంది, మధ్యలో లైను తెగకపోతే. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆ మెషీన్‌లోకే వెళ్లి చదివితే తెర మీద కనిపించే నాలుగు కిలోబైట్లే ప్రయాణం చేస్తాయి. 2021లో వచ్చిన 0.10 కూర్పు నుంచి ఎల్‌నావ్ నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరపు ఫైలును కూడా వెంబడించగలదు.

గడియారం

కాలక్రమంలో కలపడమే ప్రాణమైన చోట గడియారాలు కలవకపోతే సాధనం ఎంత మంచిదైనా అబద్ధమే చూపిస్తుంది. మొదటి చిక్కు ఐదున్నర గంటలది. చాలా సర్వర్లు యూటీసీలో రాస్తాయి. మన సమయం దానికి 5:30 ముందు. వనపర్తిలో 10:40కి జరిగింది లాగ్‌లో 05:10 అని ఉంటుంది. వెబ్ సర్వరు భారత సమయంలో, డేటాబేసు యూటీసీలో రాస్తూ, ఏ వరుసలోనూ కాలమండలం గుర్తు లేకపోతే రెండూ ఐదున్నర గంటల ఎడంతో కలుస్తాయి. ఎల్‌నావ్‌లో దీనికి అడ్జస్ట్ లాగ్ టైమ్ అనే ఆదేశం ఉంది. ఒక వరుస అసలు సమయం చెబితే ఆ ఫైలు మొత్తాన్ని అంత మేర జరుపుతుంది.

రెండో చిక్కు ఇంకా వింతైనది. పాత సిస్‌లాగ్ ముద్రలో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను ఉంటాయి. సంవత్సరం ఉండదు. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ పత్రం ఈ పాత అలవాటునే నమోదు చేసింది. 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424 సంవత్సరాన్నీ కాలమండలాన్నీ చేర్చినా పాత రూపం ఇంకా చాలా పరికరాల్లో బతికే ఉంది. సంవత్సరం లేని ఫైలును చదివే సాధనం ఫైలు చివరిసారి మారిన తేదీ లాంటి ఆనవాళ్లతో ఊహించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినప్పుడు ఆ తేదీ మారిపోతే ఊహ కూడా తప్పుతుంది. కాపీ చేసేటప్పుడు సమయాలు నిలిచేలా చేయడం విచారణలో మొదటి జాగ్రత్త.

మూడోది మెషీన్ గడియారమే జారడం. కరెంటు తరచూ పోయే చోట, మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన మెషీన్ లేచిన ప్రతిసారీ పాత తేదీతో మొదలవుతుంది. నెట్ వచ్చి గడియారం సరిపడే లోపు రాసిన వరుసలన్నీ గతంలోకి వెళ్లి పడతాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు దీన్ని గట్టిగా పట్టించుకున్నాయి. సంస్థలు తమ గడియారాలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల నడిపే, సమయం అందించే ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో సరితూగే సర్వర్లతో కలిపి ఉంచాలి. నిర్దేశించిన సైబర్ సంఘటనలను గమనించిన ఆరు గంటల్లో తెలపాలి. లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి.

తెలుగు ఉన్న లాగ్‌లు

ఊళ్ల పేర్లు, రైతుల పేర్లు తెలుగులో నింపే అప్లికేషన్ల లాగ్‌లలో తెలుగు కూడా ఉంటుంది. సాధనాల మాన్యువళ్లు ఈ భాగాన్ని దాదాపు పట్టించుకోవు, మనకు మాత్రం ఇది నిత్యం ఎదురయ్యేదే.

యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. గద్వాల అన్న మాట కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, ఫైలులో 18 బైట్లు. టెర్మినల్ లొకేల్ యూటీఎఫ్-8 కాకపోతే లెస్ ఆ మాట బదులు కోణపు బ్రాకెట్లలో బైట్ల అంకెలు చూపిస్తుంది. ఫైలు పాడైందని కంగారు పడనక్కర్లేదు, లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను సరిచేస్తే పోతుంది. ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించడం మాత్రం టెర్మినల్ ప్రోగ్రాము లోపం. చాలా టెర్మినళ్లు ఒక్కో సంకేతాన్ని ఒక్కో గడిలో పెట్టే పద్ధతికే కట్టుబడి ఉన్నాయి.

వెతకడంలో ఉన్న చిక్కు దీనికన్నా లోతైనది. నాగర్‌కర్నూలు అని రాసేటప్పుడు ర్ తర్వాత కంటికి కనిపించని విభాజకం ఒకటి పడుతుంది. అది ఉంటే ఆ పేరు 39 బైట్లు, లేకపోతే 36 బైట్లు, ర్కర్ అని ఒత్తు కలిసిపోయి కనిపిస్తుంది. మూడో మనిషి మధ్యలో ఖాళీ వదిలి రెండు మాటలుగా కొడతాడు. గ్రెప్‌కు ఇవి మూడు వేర్వేరు ఊళ్లు. నమూనాలో ఆ చోట విభాజకం గానీ ఖాళీ గానీ ఉండవచ్చు, లేకపోవచ్చు అని రాస్తేనే మూడూ దొరుకుతాయి. ఐత్వం మరో ఉదాహరణ. దాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం మీద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద తేడా ఉండదు, బైట్లలో ఉంటుంది. లాగ్ రాసే ముందే ప్రోగ్రాము పాఠ్యాన్ని ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపానికి మార్చడం సరైన పరిష్కారం.

ఇలాంటి కనిపించని విభాజకమే 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా తెలుగు పేరు మోగేలా చేసింది. జ్ఞ తర్వాత విభాజకం, ఆపై దీర్ఘం వచ్చే ఒక వరుసను చూపబోయి ఐఫోన్లు, మ్యాక్‌లలోని అనేక ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. లోపం తెలుగుది కాదు, తెలుగును సరిగా పరీక్షించని అక్షర చిత్రణ కోడుది. బయటినుంచి వచ్చే పాఠ్యాన్ని ఉన్నదున్నట్టు లాగ్‌లో రాయకూడదనడానికి ఇది మంచి సాక్ష్యం. చదివే మెషీన్‌నే కూల్చగల వరుస కూడా లాగ్‌లోకి రావచ్చు.

ఇంగ్లిషులో రాసినా గొడవ తీరదు. వనపర్తి కొన్నిచోట్ల వి అక్షరంతో, కొన్నిచోట్ల డబ్ల్యూతో మొదలై, ఐతోనో వైతోనో ముగుస్తుంది. ఊళ్ల పేర్లతో వెతకడం కంటే ప్రభుత్వ గ్రామ సంకేత సంఖ్యలతో వెతికేలా లాగ్‌లు రాయించుకోవడం మేలు.

నేర్చుకోవడం, దాచిపెట్టడం

వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో 1959లో మొదలైన ప్రభుత్వ పాలిటెక్నిక్ నుంచి తరాల తరబడి ఇంజినీర్లు వచ్చారు. ఇప్పుడు ఆ ఊళ్లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల కూడా ఉంది. ప్రోగ్రాము రాయడం నేర్పినంత శ్రద్ధగా, రాసిన ప్రోగ్రాము ఎందుకు ఆగిందో చదవడం కూడా ప్రయోగశాలలో నేర్పాలి. ఇందుకు లైసెన్సు ఖర్చు లేదు. పాత మెషీన్ల మీద లినక్స్, ఎల్‌నావ్, కావాలని చెడగొట్టిన ఒక వెబ్ సర్వరు ఉంటే చాలు. స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు తెలుగులో లినక్స్‌ను అందించే ప్రయత్నం ఎప్పుడో చేశాయి, దారి కొత్తది కాదు.

చదివే హక్కుతో పాటు ఒక హద్దు కూడా ఉంది. లాగ్‌లలో ఫోను నంబర్లు, ఆధార్ అంకెలు, ఒక్కోసారి పాస్‌వర్డులు కూడా జారిపడతాయి. సాయం కోసం ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు ఆ అంకెలను సెడ్ అనే టెర్మినల్ సాధనంతో చెరిపేయాలి. పన్నెండు అంకెలను వెతికి గీతలుగా మార్చే నమూనా ఒక వరుసలో అయిపోతుంది.

చివరగా నిల్వ. ఉబుంటు, డెబియన్‌లలో లాగ్‌రొటేట్ స్థాపించినప్పుడు ఉండే మామూలు అమరిక వారానికో ఫైలు, నాలుగు వారాల నిల్వ. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ల లాగ్‌లు రోజుకొకటి చొప్పున 14 రోజులే ఉంటాయి. సెర్ట్-ఇన్ అడిగేది 180 రోజులు. అంటే ఎవరూ చేయి పెట్టని సర్వరు తనంతట తానే ఆ నిబంధనను ఉల్లంఘిస్తూ ఉంటుంది. విచారణకు వచ్చేసరికి చదవడానికి ఫైలే మిగలదు. అమరిక ఫైలులో వారపు లాగ్‌లకు రొటేట్ అంకెను 26కు, రోజువారీ వాటికి 180కి మార్చి, కంప్రెస్ అన్న మాట చేర్చాలి. పాఠ్యం బాగా కుదించుకుపోతుంది కాబట్టి డిస్కు మీద భారం అంతగా ఉండదు. ఎల్‌నావ్ కుదించిన ఫైళ్లను నేరుగా చదువుతుంది గనక ఆరు నెలల కిందటి రోజును కూడా విప్పే పని లేకుండా తెరవవచ్చు.